ఎఫ్-1 వీసా విద్యార్థుల ఉద్యోగాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పూర్తికాలం చదువుకోవడానికి వెళ్ళే విదేశీ విద్యార్థులకు సాధారణంగా ఇచ్చే వీసా ఎఫ్-1. ఇది చదువు కొరకు ఇచ్చే వీసా గనుక దీనిపై వెళ్ళినవారు చేయదగిన ఉద్యోగాలకు, ఇంటర్న్‌షిప్‌లకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. పనికి జీతం ఎంత అన్నదానికంటే ఆ పనికి అనుమతి ఉన్నదా లేదా అన్నది ముందు చూసుకోవలసి ఉంటుంది. అనుమతి లేని పని చేసినవారు విద్యార్థి హోదాను కోల్పోతారు, దేశం విడిచి వెళ్ళవలసి రావచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వెళ్ళే ఎం.ఎస్. విద్యార్థులలో చాలామంది బ్యాంకు ఋణంతో వెళ్తారు. చదువు మధ్యలో ఆగినా ఆ అప్పు తీర్చక తప్పదు.

ప్రాంగణంలో పని

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పనిచేయడానికి అమెరికా ప్రభుత్వం నుండి వేరుగా అనుమతి పత్రం అక్కరలేదు. తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. రెండు చోట్ల పనిచేసినా ఈ పరిమితి రెండింటికీ కలిపే వర్తిస్తుంది. సెలవులలో పూర్తికాలం చేయవచ్చు. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడం, జవాబు పత్రాలు దిద్దడం, భోజనశాలలో వడ్డన వంటివి సాధారణంగా దొరికే పనులు. ఇంటివద్ద తిన్న కంచం తీయనివారు కూడా అక్కడ గిన్నెలు కడగడం మామూలే. ఇటువంటి ఖాళీలు సెమిస్టరు ఆరంభంలోనే నిండిపోతాయి కాబట్టి ప్రయాణానికి ముందే విశ్వవిద్యాలయ ఉద్యోగాల పేజీ చూసి దరఖాస్తు చేయడం మంచిది.

బోధనా సహాయకుల, పరిశోధనా సహాయకుల పదవులకు పోటీ ఎక్కువ. చాలాచోట్ల వీటితోపాటు ఫీజు మినహాయింపు కూడా లభించడమే ఇందుకు కారణం. ఇవి ఎక్కువగా పిహెచ్.డి. విద్యార్థులకు వెళ్తాయి. వీటికోసం ఒకే ఉత్తరాన్ని యాభై మంది ఆచార్యులకు పంపడం వృథా ప్రయాస. ఒక ఆచార్యుని పరిశోధనా పత్రం చదివి, అందులో తాను ఏ పనికి ఉపయోగపడగలరో రెండు వాక్యాలలో వ్రాసినవారికి జవాబు వచ్చే అవకాశం హెచ్చు.

ఉద్యోగం ఖాయమైన తరువాత యజమాని ఇచ్చిన లేఖ, విదేశీ విద్యార్థుల కార్యాలయం ఇచ్చిన లేఖ చూపి సోషల్ సెక్యూరిటీ సంఖ్య తీసుకోవాలి.

ప్రాంగణం వెలుపల

పెట్రోలు బంకులలో, భోజన హోటళ్ళలో నగదు జీతానికి పనిచేయడం విద్యార్థులలో వినిపించే విషయమే. అది నిబంధనలకు విరుద్ధం. జీతం ఎగవేసినా ఫిర్యాదు చేయడానికి విద్యార్థి జంకుతాడని ఎరిగిన యజమానులు తక్కువ ఇచ్చి ఎక్కువ పని చేయించుకునే ప్రమాదం కూడా ఇందులో ఉన్నది.

ఇంటర్న్‌షిప్ సాధారణంగా కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్ (సి.పి.టి.) కింద చేస్తారు. పని పాఠ్యప్రణాళికలో భాగమై ఉండాలి, సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తి కావాలి. చదువులో చేరగానే అటువంటి శిక్షణ తప్పనిసరి అయిన స్నాతకోత్తర కోర్సులకు మాత్రం ఈ రెండవ షరతు వర్తించదు. విశ్వవిద్యాలయ అధికారి ఐ-20 పత్రంపై సంస్థ పేరు, తేదీలు నమోదు చేసిన తరువాతే పనిలో చేరాలి. పూర్తికాల సి.పి.టి. 12 నెలలు చేసినవారు అదే స్థాయి చదువుకు ఓ.పి.టి. అవకాశం కోల్పోతారు.

చేరిన మొదటి రోజు నుండే సి.పి.టి. ఇస్తామని ప్రచారం చేసే విద్యాసంస్థల విషయంలో జాగ్రత్త అవసరం. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై 2011 జనవరిలో అధికారులు దాడి చేసినప్పుడు అందులోని విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. వారిలో కొందరి కాళ్ళకు ఎలెక్ట్రానిక్ నిఘా పట్టీలు తగిలించడం భారతదేశంలో నిరసనకు దారితీసింది. సంస్థ అధిపతికి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి మరీ విచిత్రం. దానిని ప్రభుత్వ అధికారులే వలగా స్థాపించారు. 2019లో అది బయటపడినప్పుడు అరెస్టయిన విద్యార్థులలో తెలుగువారు అనేకులు ఉన్నారు.

చదువు ముగిసిన తరువాత

ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్ (ఓ.పి.టి.) కింద 12 నెలలు పనిచేయవచ్చు. విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు, గణితం చదివినవారికి 2008లో 17 నెలల పొడిగింపు ఇవ్వగా, 2016లో దానిని 24 నెలలకు పెంచారు. 2025 నాటి నిబంధనల ప్రకారం మొదటి 12 నెలలలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటరాదు.

పన్నులు

ఎఫ్-1 విద్యార్థులు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టనక్కరలేదు. యజమాని పొరపాటున కోసినట్లయితే తిరిగి ఇమ్మని అడగవచ్చు. ఆదాయపు పన్ను మాత్రం ఉంటుంది. అయితే భారత-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వలన భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ లభిస్తుంది. ఇతర దేశాల విద్యార్థులలో చాలామందికి ఈ సౌకర్యం లేదు.