ఆగమన చక్రం మన చేలగట్ల నుండే

నవంబరు చివరి వారం వచ్చేసరికి మన పట్టణాల్లో ఫ్యాన్సీ షాపుల గుమ్మాలకు ప్లాస్టిక్ ఆకుల చక్రాలు వేలాడుతుంటాయి. ఎర్రటి మెరుపు బంతులు, మంచులా అంటించిన తెల్లని పొడి, ఏనాటికీ వాడని ఆకు. 'క్రిస్మస్ రీత్' అని అడిగితే చాలు, కాగితంలో చుట్టి ఇస్తారు. మన సంఘాల్లో చాలావరకు దాన్నే కొని బల్ల మీద పెట్టి, చుట్టూ నాలుగు కొవ్వొత్తులు నిలబెడుతున్నారు. అలా చేయడం తప్పని మేము అనడం లేదు. కానీ ఈ చక్రం ఎక్కడ, ఎవరి కోసం పుట్టిందో తెలుసుకుంటే, దీన్ని కొనడం కంటే చేసుకోవడమే మేలని మాకు తోస్తుంది.

జర్మనీలోని హాంబర్గ్ నగరంలో యోహాన్ హిన్‌రిక్ విఖెర్న్ అనే లూథరన్ దైవసేవకుడు 1833లో నిరుపేద పిల్లల కోసం ఒక గృహాన్ని ప్రారంభించాడు. దాని పేరు రౌహెస్ హౌస్. మురికివాడల్లో తిండీ చదువూ లేకుండా తిరిగే పిల్లలను అక్కడ చేర్చుకుని, పని నేర్పి, వాక్యం నేర్పేవారు. డిసెంబరు రాగానే ఆ పిల్లలు 'క్రిస్మస్ ఇంకెన్నాళ్లు?' అని రోజూ అడిగేవారని చెబుతారు. అందుకని 1839లో ఆయన ఒక బండి చక్రం తెప్పించి, దాని మీద 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులు, 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు అమర్చాడు. పెద్దవి ఆదివారాలకు, చిన్నవి మిగతా రోజులకు. ఆ ఏడాది ఆగమన కాలపు మొదటి ఆదివారం సరిగ్గా డిసెంబరు 1న వచ్చింది కనుక లెక్క 24కు తేలింది. రోజుకొకటి వెలిగిస్తూ పోతే, ఇంకెన్ని మిగిలాయో అక్షరం రాని పిల్లవాడు కూడా చూసి చెప్పగలడు. పచ్చని కొమ్మలు చుట్టడం ఆ తరువాతి కాలంలో వచ్చింది. ఇళ్లల్లో అంత పెద్ద చక్రం పట్టదు గనుక చిన్న కొవ్వొత్తులు పోయి నాలుగే మిగిలాయి.

అంటే ఇది ముందుగా అలంకారం కాదు, ఎదురుచూసే పిల్లల కోసం చేసిన క్యాలెండరు. మన దగ్గర కరువైంది ఆ ఎదురుచూపే. డిసెంబరు మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్, ఆ వెంటనే యౌవనస్థుల క్రిస్మస్, స్త్రీల సమాజం క్రిస్మస్, ఆఫీసులో క్రిస్మస్, అపార్ట్‌మెంట్‌లో క్రిస్మస్. ఇరవై అయిదో తేదీ వచ్చేసరికి ఆరేడు కేకులు కోసి, గొంతులు పోయి, అలసిపోయి ఉంటాం. వాటిని మానమని చెప్పడానికి మేమెవరం? వాటి మధ్యలో వారానికి ఒక్క దీపం చొప్పున నెమ్మదిగా నడిచేది ఒకటైనా గుడిలో ఉంటే బాగుంటుంది.

అయితే పచ్చి ఆకులతో చేద్దామనగానే మన సంఘాల్లో రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది పెద్దవారిది. పూలచక్రం అనగానే వారికి గుర్తొచ్చేది భూస్థాపన ఆరాధన. మేము మొదటిసారి చక్రం చేసి బల్ల మీద పెట్టినప్పుడు ఒక పెద్దామ్మగారు లోపలికి వస్తూనే 'ఎవరు పోయారు నాయనా?' అని అడిగారు. ఆమెను తప్పుపట్టలేం. అందుకే దీన్ని పుష్పచక్రం అనకుండా ఆగమన చక్రం అనడం మంచిది. నిలబెట్టడం, గోడకు ఆనించడం కాకుండా బల్ల మీద పడుకోబెడితే, మధ్యలో దీపాలుంటే, ఆ అనుమానం రాదు.

రెండోది కాస్త బరువైనది. మామిడాకులు, బంతిపూలు వాడితే అది తోరణం కట్టినట్లు కాదా అని. ఆ ప్రశ్న వెనుక ఉన్న మనస్సాక్షిని మేము తేలిగ్గా తీసుకోము. తాము వదిలి వచ్చిన ఆచారాలు మళ్లీ గుమ్మం ఎక్కుతాయేమోనని భయపడే మొదటి తరం విశ్వాసులు మన మధ్య ఉన్నారు. కానీ మట్టల ఆదివారం నాడు కొబ్బరి మట్టలు, ఈత మట్టలు పట్టుకుని వీధంతా తిరుగుతాం గదా, అప్పుడు ఎవరూ అడగరు. కోతకాలపు పండుగకు అరటి గెలలు, వరి కంకులు బలిపీఠం ముందు పెడతాం. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో పర్ణశాలల కోసం కొండకు వెళ్లి కొమ్మలు తెచ్చిన జనం తమ దేశంలో పెరిగే చెట్ల కొమ్మలే తెచ్చారు. ఆకు ఎవరి సొత్తూ కాదు. అయినా ఒకరి మనసు నొచ్చుకుంటుందనిపిస్తే మామిడి బదులు సరుగుడు, క్రోటన్ ఆకు వాడండి. మన దగ్గర ఆకులకేం కొదవ?

ఇక పని. రెండు అడుగుల వెడల్పు చక్రానికి ఏడున్నర అడుగుల వెదురు బద్ద ఒకటి చాలు. బుట్టలు అల్లేవారి దగ్గర దొరుకుతుంది. బద్ద ఎండినదైతే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి వంచాలి, లేకపోతే చటుక్కున విరుగుతుంది. కొసలు రెండూ ఒక అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా పెట్టి పురికొసతో మూడు చోట్ల బిగించండి. దాని చుట్టూ గడ్డి వెంటి చుట్టేవారున్నారు. చక్రం నిండుగా కనిపించే మాట నిజమే కానీ, కొవ్వొత్తుల దగ్గర ఎండుగడ్డి వద్దు. పాత నూలుగుడ్డ పీలికలు తడిపి చుడితే ఆకులకు చెమ్మ కూడా అందుతుంది.

ఆకులను విడివిడిగా గుచ్చకూడదు. నాలుగైదు రెమ్మలు కలిపి గుప్పెడు కట్టలుగా చేసుకుని, ఒక కట్ట కాడలను తరువాతి కట్ట ఆకులు కప్పేలా, అన్నీ ఒకే దిక్కుకు తిప్పి కడుతూ పోవాలి. మధ్యలో దిక్కు మారితే చక్రం చిక్కుబడ్డ జుట్టులా ఉంటుంది. పురికొసను తెంచకుండా ఒకే కండెతో చుట్టుకుంటూ పోతే ముడులు తక్కువ.

సరుగుడు రెమ్మ చూడటానికి విదేశీ దేవదారును తలపిస్తుంది, కోస్తాలో పుష్కలం. దాని చిన్న కాయలు నెలంతా చెక్కుచెదరవు. మామిడి విషయంలో ఒక జాగ్రత్త ఉంది. డిసెంబరులో చెట్టు పూతకు సిద్ధమవుతుంది, పూత వచ్చేది కొమ్మ చివరనే. చివర్లు విరిచేస్తే వేసవిలో ఆ కొమ్మకు కాయ ఉండదు. కింది ఆకులు మాత్రమే కోయండి, అదీ చెట్టు గలవారిని అడిగి. వరి కోతలు అవుతున్న రోజులు గనుక కంకులు అడిగితే ఏ రైతూ కాదనడు. పత్తి పండే చోట విచ్చిన పత్తికాయలు మంచులా కనిపిస్తాయి గానీ, అవి దీపానికి దూరంగా బయటి అంచున ఉండాలి. డిసెంబరు పూలు అందమైనవే, సాయంత్రానికే వాలిపోతాయి. చామంతి, బంతి వారం నిలుస్తాయి. గన్నేరు, జిల్లేడు మాత్రం వద్దు. గన్నేరు విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఈ పనిలో సండే స్కూలు పిల్లల చేతులే ఎక్కువ ఉంటాయి మరి.

కొవ్వొత్తుల రంగు గురించి వాదన అక్కర్లేదు. మూడు ఊదా, మూడో ఆదివారానికి ఒక గులాబీ రంగు, మధ్యలో క్రిస్మస్ కోసం తెల్లది అనేది చాలా సంఘాల్లో వాడుక. విఖెర్న్ చక్రం మీద ఉన్నవి తెలుపు, ఎరుపు. కిరాణా కొట్టులో దొరికే తెల్లవాటికి ఊదా రిబ్బను అడుగున కట్టినా సరిపోతుంది.

వాటిని నిలబెట్టే తీరు దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. మాకు తెలిసిన ఒక సంఘంలో మూడో ఆదివారం నాటికి సరుగుడు పూర్తిగా ఎండిపోయింది. మార్చాలని ఎవరికీ తోచలేదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నారు. ఫ్యాన్ గాలికి మంట వాలి రెమ్మకు అంటుకుంది. బల్ల గుడ్డ కాలింది, వెనుక తెర అంచు కాలింది. ఒక సహోదరి తడి గోనెసంచి తెచ్చి కప్పబట్టి అంతటితో ఆగింది. ఆ ఏడాది నుండి అక్కడ బ్యాటరీ కొవ్వొత్తులే.

అరటి బోదె ఉంటే అంత భయపడనక్కర్లేదు. బోదెను బెత్తెడు ఎత్తు ముక్కలుగా కోసి, నడుమ చాకుతో రంధ్రం చేసి కొవ్వొత్తి గుచ్చండి. అది నిండా నీరే, అంటుకోదు, కదలదు. ఈ ముక్కలను స్టీలు పళ్లెంలో పెట్టి, ఆకుల వలయం వాటి చుట్టూ దూరంగా ఉండేలా చూడండి. మంట ఆకులకు బెత్తెడు ఎత్తులోకి దిగిందంటే కొవ్వొత్తి మార్చాల్సిందే. పైన ఫ్యాన్ ఆపాలి. ఒక బకెట్ నీళ్లు పక్కన ఉండాలి. ప్రార్థన వేళ ఒకరు కళ్లు తెరిచి ఉండటం పాపం కాదు.

ఎంత బాగా కట్టినా ఈ చక్రం వారానికి వాడుతుంది. ప్లాస్టిక్ దానికి ఆ బెడద లేదు నిజమే. కానీ మా సంఘంలో శనివారం సాయంత్రాలు పిల్లలు కొత్త ఆకులు పట్టుకుని రావడం, ఎండినవి తీసి పచ్చివి కట్టడం, కట్టేటప్పుడు 'ఇంకెన్ని వారాలు?' అని అడగడం ఇందువల్లనే మొదలైంది. నరికిన మొద్దు నుండి చిగురు పుట్టడం గురించి యెషయా 11వ అధ్యాయం చదివినప్పుడు వాళ్ల చేతుల్లో చిగురు ఉంటుంది. మొదటి వారం ఆకులు తెచ్చింది నలుగురు పిల్లలు. నాలుగో వారానికి కూలిపని నుండి నేరుగా వచ్చిన ఇద్దరు తల్లులు కూడా కూర్చుని కట్టారు. వారిలో ఒకామె చేలగట్టు మీద కోసుకొచ్చిన గడ్డిపూలను ఏం చేయాలో తెలియక కొంగులో దాచుకుని కూర్చుంది. ఆ ఆదివారం చక్రంలో ముందు వైపు ఉన్నవి అవే.

పండుగ అయ్యాక ఆకులు పాదుల్లోకి పోతాయి. బోదె ముక్కలు పశువులు తింటాయి. వరి కంకులను గుడి వసారాలో వేలాడదీస్తే పిచ్చుకలు వారంలో ఖాళీ చేస్తాయి. వెదురు వలయాన్ని మాత్రం పురికొస విప్పకుండా వెస్ట్రీ గదిలో మేకుకు తగిలించి ఉంచండి. వచ్చే నవంబరులో మళ్లీ అదే పనికొస్తుంది.