సన్నని పిల్లకు కండబలము

"పిల్ల మరీ ఈనెపుల్లలా ఉందేమిటండీ, తిండి పెట్టడం లేదా?"

కోనసీమలో బంధువుల యింటి పెండ్లిలో ఒక పెద్దామె మా వదినగారి నడిగిన ప్రశ్న యిది. చుట్టునున్నవారు నవ్విరి. మా వదినగారును నవ్వవలసి వచ్చెను. ప్రక్కనున్న మేనకోడలు మాత్రము తల వంచుకొని, చేతులమీదికి పైట లాగుకొనెను. అప్పటికి దాని వయస్సు 19 సంవత్సరములు. బరువు 41 కిలోలు.

రాజమహేంద్రవరము తిరిగివచ్చిన మరునాటినుండి వారి యింట పూతరేకులకు, నేతి మిఠాయిలకు లోటు లేకపోయెను. అది చాలదని, ఎవరో చెప్పగా విని, ఒళ్లు వచ్చు పొడి యొకటి కొని పాలలో కలిపి యిచ్చిరి. రెండు నెలలలో పిల్ల ముఖము గుండ్రముగా నుబ్బెను. చూచినవారందరు సంతోషించిరి. కాని మేడమెట్లెక్కునప్పుడు మోకాళ్లు వణకెడివి. డాక్టరుగారు పరీక్షించి, ఆ పొడిలో స్టెరాయిడు మందు కలిసియుండునని అనుమానించి, క్రమక్రమముగా దానిని మాన్పించిరి. వాపు తీసినది. చేతులు మరల మునుపటి ఈనెపుల్లలే.

సోదరీమణులారా! ఇట్టి కథ మనలో అనేక గృహములందు జరుగుచునే యున్నది. సన్నని పిల్లకు కావలసినది కండ. మనము పెట్టునది చక్కెర, నేయి. వానివలన పెరుగునది క్రొవ్వు. కాళ్లు చేతులు పుల్లలవలె నుండి, నడుముచుట్టు మాత్రము క్రొవ్వు చేరిన శరీరములు మన దేశమున చాల కలవు. చూపునకు సన్నగా నున్నను అట్టివారికి మధుమేహము వచ్చు భయము మెండు. కండ పెరుగుటకు మూడు వస్తువులు కలిసి రావలెను: మాంసకృత్తులు గల చాలినంత ఆహారము, నానాటికి కొంచెము కొంచెముగా హెచ్చు బరువు, విశ్రాంతి. ఈ మూటిలో ఒకటి లోపించినను తక్కిన రెండును వ్యర్థములగును.

శ్రమ మాత్రము చాలదు

మన డెల్టా పొలములలో ఊడ్పులు ఊడ్చు స్త్రీలను చూడుడు. ఉదయము మొదలు సాయంకాలము వరకు నడుము వంచి బురదలో పనిచేయుదురు. వారికంటె శ్రమపడువా రెవరు? అయినను వారిలో పెక్కుమంది సన్నగనే యుందురు. వారు చేయు పని తేలికయైన దానిని వేలమారులు చేయుట. దానివలన ఓర్పు పెరుగునుగాని కండ యంతగా పెరుగదు. పైగా ఆ శ్రమకు తగిన తిండియు, తగిన నిద్రయు వారికి లేవు. తినినదంతయు ఆ దినపు కూలికే ఖర్చగును.

మన అమ్మమ్మల విషయము కొంత వేరు. వారు రోకళ్లతో వడ్లు దంచిరి, తిరగలి త్రిప్పిరి, బావినుండి నీళ్లు చేది నిండు బిందెలు మోసిరి. అందువలన వారి భుజములకు, చేతులకు బరువైన పని తప్పక కలిగెడిది. తరువాత మిల్లు వచ్చెను, కుళాయి వచ్చెను, మిక్సీ వచ్చెను. ఆ కష్టము పోయినందుకు విచారింప బనిలేదు. కాని కంచములోని అన్నము మాత్రము అట్లే నిలిచినది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప మన సీమ వరికి పుట్టినిల్లైనది. మన భోజనమున అన్నము కొండ. పప్పు దానిపై చిన్న గుంట. సన్నని పిల్లకు ఈ కొలత మార్చవలసియున్నది.

మల్లీశ్వరి కథ

ఆడపిల్లకు బరువులెత్తుట యేమిటని సంశయించువారికి మన తెలుగునాటనే సమాధానము కలదు. మనకు ఉత్తరముగా శ్రీకాకుళము జిల్లాలో ఊసవానిపేటయను గ్రామమున కరణం మల్లీశ్వరి పెరిగినది. ఆమె పండ్రెండేండ్ల పిల్లయై వ్యాయామశాలకు పోగా, చాల సన్నగా, బలహీనముగా నున్నదని మొదట చేర్చుకొనలేదు. తల్లి మాత్రము నీకు చేతనగునని వెన్ను తట్టి పంపెను. ఆ సన్నని పిల్లయే 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత యయ్యెను. 1998లో బాంకాకు ఆసియా క్రీడలలో 63 కిలోల తరగతిలో రజత పతకము గెలిచెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు బరువులెత్తు పోటీ మొదటిసారి పెట్టబడగా, 69 కిలోల తరగతిలో ఒక పద్ధతిలో 110 కిలోలు, మరియొక పద్ధతిలో 130 కిలోలు, వెరసి 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన మొదటి భారత స్త్రీ యయ్యెను.

ఆ తరగతులను మరల చూడుడు: 54, 63, 69. సంవత్సరముల తరబడి తిండియు, బరువును, విశ్రాంతియు కలిసి చేసిన పని యది. మన పిల్లలందరు పతకములు తేనక్కరలేదు. అదే మార్గములో పదియడుగులు నడచిన చాలును.

"కండలు పెరిగి మగరాయుని వలె నగునేమో" యని కొందరు తల్లులు భయపడుదురు. పురుషులలో కండను విశేషముగా పెంచు గ్రంథిరసము స్త్రీలలో బహు స్వల్పము. కావున వారానికి మూడు దినములు ఇంటిలో బరువులెత్తిన పిల్లకు చేయి గట్టిపడును, నడక నిలుకడ పొందును, రూపము చెడదు. మరియొక లాభము కలదు. ఎముకలు గట్టిపడు కాలము దాదాపు ముప్పదియేండ్ల లోపలనే. అప్పుడు బరువులెత్తి ఎముకకు పని చెప్పినచో, వార్ధక్యమున జారిపడినను తుంటి విరుగు భయము తగ్గును. సన్నని స్త్రీలకు ఈ భయము ఇతరులకంటె నెక్కువ.

ముందు వైద్యపరీక్ష

కొందరు పుట్టుకచేతనే సన్నగా నుందురు. తండ్రియో మేనత్తయో అట్లే యుందురు. అది రోగము కాదు. కాని పిల్ల ఉన్నట్టుండి చిక్కిపోవుచున్నను, విడువని దగ్గు, సాయంకాలపు జ్వరము, అతిదాహము, గుండెదడ, నెలసరి ఆగుట మొదలగునవి యున్నను ముందు డాక్టరునకు చూపవలెను. క్షయ, మధుమేహము, థైరాయిడు వ్యాధి, రక్తహీనత, కడుపులో పురుగులు శరీరమును కృశింపజేయును. వానిని బాగుచేయక ఎంత తినిపించినను ఫలము లేదు. భోజనమును చూచి భయపడుచు, తినుట దాచుచు నుండు పిల్లను మందలింపక, ఆ సంగతియు వైద్యులకు చెప్పవలెను.

కంచములో నేమి మార్చవలెను?

సాధారణముగా మనిషి బరువులో కిలో ఒక్కింటికి దినమునకు దాదాపు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలును. బరువులెత్తి కండ పెంచదలచినవారికి 1.6 గ్రాముల వరకు ఉపయోగపడును. 45 కిలోల పిల్లకు అది 72 గ్రాములు. ఇది మన వంటింటిలోనే ఎట్లు సమకూరునో చూడుడు.

ఉదయము 60 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లలో సుమారు 14 గ్రాములు. పెద్ద గ్లాసెడు పాలలో 8. మధ్యాహ్నము 150 గ్రాముల బియ్యపు అన్నములో 11; 50 గ్రాముల కందిపప్పుతో చేసిన తోటకూర పప్పులో 11; 200 గ్రాముల గడ్డ పెరుగులో 6. సాయంకాలము గుప్పెడు, అనగా 30 గ్రాముల వేరుసెనగ గుండ్లలో 7. రాత్రి 100 గ్రాముల బియ్యపు అన్నములో 7. రెండు గ్రుడ్లలో 12. వెరసి 76 గ్రాములు. గ్రుడ్లు తినని యింట రాత్రికి ఉడికించిన సెనగలు, మజ్జిగ బదులు పెరుగు చేర్చవచ్చును. చేపలు తినువారికి మన కాలువలు, చెరువులు, సముద్రము ఉన్నవి. 100 గ్రాముల చేపలో 18 మొదలు 20 గ్రాముల వరకు మాంసకృత్తులు లభించును.

పప్పును చారులో పలుచచేసి మురియవద్దు. ముద్దపప్పు గరిటెడు హెచ్చుగా వడ్డింపుడు. మినపరొట్టె, ఇడ్లీ, ఉలవచారు, సున్నుండలు, నువ్వుల ఉండలు మనకు క్రొత్తవి కావు. బాలింతలకు మన పెద్దలు వండి పెట్టు తెలగపిండి కూర గొప్ప వస్తువు. నువ్వుల నూనె తీసిన పిదప మాంసకృత్తులు పిండిలోనే నిలిచియుండును. దానిని బాలింతకు మాత్రమే యెందుకు దాచవలెను?

మాంసకృత్తులతోపాటు మొత్తము తిండియు కొంచెము పెరుగవలెను. దినమునకు 300 మొదలు 500 కాలరీలు హెచ్చు చాలును. సన్నని పిల్లల కడుపు త్వరగా నిండును. కావున మూడుమారులు బలవంతముగా కుక్కుట కంటె, అయిదుమారులు కొలదికొలదిగా పెట్టుట మేలు. చక్కెరకేళి అరటిపండు, పాలు, కొబ్బరి, ఒక చెంచా నేయి, వేరుసెనగ ఉండ ఇందుకు తగినవి. భోజనమునకు ముందు నీళ్లు త్రాగి కడుపు నింపుకొనరాదు. అన్నముతోడనే కాఫీ, టీలు త్రాగినచో ఇనుము సరిగా పట్టదు. ఒక గంట యెడముంచవలెను. పూతరేకులు పండుగకు మంచివే. వానిలో కండ పెంచు సరుకు మాత్రము లేదు. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడుగక ఈ కొలతలు పాటింపరాదు.

ఇంటిలో బరువులు

వ్యాయామశాలకు పోవుటకు వీలు గలవారు తెలిసిన శిక్షకుని వద్ద నేర్చుకొనుట మంచిది. వీలులేనివారికి పిడులుగల గట్టి సంచి, కొంత ఇసుక చాలును. నీళ్ల సీసాలును పనికివచ్చును. లీటరు నీరు కిలో బరువు.

మొదటిది: కుర్చీ మీదినుండి చేతులానించక లేచి, మెల్లగా మరల కూర్చుండుట. రెండవది: గోడకు అరచేతు లానించి ఛాతీని గోడవైపు వంచి నెట్టుకొనుట, అది సులభమైన పిదప బల్లకు, తుదకు నేలకు దిగవలెను. మూడవది: సంచిని కాళ్లయొద్ద నుంచుకొని, వెన్ను వంపక తుంటివద్ద వంగి, మోకాళ్లు కొంచెము మడచి పైకెత్తుట. నాలుగవది: ముందునకు వంగి, బావినుండి చేద లాగినట్లు సంచిని పొట్టవైపు లాగుట. అయిదవది: రెండు చేతులతో బరువును భుజములనుండి తలపైకి నెత్తుట.

ఒక్కొక్కదానిని 8 మొదలు 12 మారులు చేసి, రెండు నిమిషములు ఆగి, మరల చేయవలెను. ఇట్లు రెండు, మూడు విడతలు. సోమ, బుధ, శుక్రవారములు పని. నడుమ దినములు విశ్రాంతి. కండ పెరుగునది ఎత్తునప్పుడు కాదు, తిని నిద్రించునప్పుడు. పండ్రెండు మారులు సులభముగా చేయగలిగిన దినమున సంచిలో అరకిలో ఇసుక చేర్పవలెను. ఈ చేర్చుటయే అసలు రహస్యము. ఆరు నెలలు అదే సంచి నెత్తినవారు ఆరవ నెలలోను మొదటి నెలవలెనే యుందురు. కొలతలు మరువకుండ ఒక చిన్న పుస్తకమున వ్రాసుకొనవలెను.

కొంచెము కండలు సలుపుట సహజము. కీళ్లలోగాని, వెన్నులోగాని పోటు వచ్చినచో ఆపవలెను. ఊపిరి బిగబట్టరాదు. నెలసరి దినములలో ఒంటికి బాగున్నచో మానవలసిన పనిలేదు. గర్భిణులు, బాలింతలు వైద్యుల సలహా పొందవలెను. మొదటి నెలలో బలము హెచ్చుగా తోచును, రూపము మారదు. నరములు పని నేర్చుకొను కాలమది. కండ కంటికి కనబడుటకు రెండు మూడు నెలలు పట్టును. నెలకు ఒక కిలోకు మించి పెంచవలెనని తొందరపడరాదు.

పదిదినములలో ఒళ్లు వచ్చునని చెప్పు పొడులను, మాత్రలను ఇంటిలోనికి రానీయవద్దు. ఇదివరకే వాడుచున్నవారు వైద్యునకు చూపి మానవలెను. స్టెరాయిడు కలిసినవానిని ఒక్కమారుగా విడుచుటయు ప్రమాదమే.

మా మేనకోడలు ఈ పద్ధతిని ప్రారంభించి ఎనిమిది నెలలైనది. మూడు కిలోల ఇసుకతో మొదలుపెట్టినది. మొదట మా వదినగారు తలుపు మూసి చేయించెడివారు, ఇరుగుపొరుగువారు నవ్వుదురని. ఇప్పుడు పిల్ల బరువు 45 కిలోల పైన. అది చిన్న సంఖ్యయే. కాని మొన్న సంక్రాంతి వంటల నడుమ వంటగ్యాసు అయిపోయెను. ఇంట మగవారు లేరు. నిండు సిలిండరు దాదాపు 30 కిలోలు. పిల్ల వెన్ను నిలిపి, తుంటివద్ద వంగి, దానిని రెండు చేతుల నెత్తి వంటింటి గడప దాటించెను.

మా వదినగారు పిండి చేతులతోనే నిలువబడి చూచి, "నెమ్మది, అమ్మాయి, నెమ్మది" అనుచు కన్నులు తుడుచుకొనిరి. ఆ రాత్రి పిల్లకు ముద్దపప్పు మరియొక గరిటెడు వడ్డించిరి.