కోళ్లగూటి వద్ద ఈగలకు ఎరసీసా



పెరట్లో నాలుగు కోళ్లుంటే ఈగలు తప్పవని చాలామంది సరిపెట్టుకుంటారు. అది సరికాదు. ఈగలను తిన్న కోళ్లకు కడుపులో బద్దెపురుగులు పట్టవచ్చును. పెంటమీద వాలిన ఈగే మన అన్నంమీదా వాలుతుంది.

ఈగలు పట్టే సీసా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఖాళీ ప్లాస్టిక్ నీళ్లసీసాను మెడ దిగువన కోయండి. మూత తీసి, ఆ పైముక్కను గరాటులాగా తలక్రిందులుగా సీసాలో దించండి. అడుగున రెండంగుళాల నీళ్లు పోసి, చేప తలకాయ వేసి, నాలుగు చుక్కల సబ్బునీరు కలపండి. వాసనకు లోపలికి దిగిన ఈగకు బయటి దారి దొరకదు; నీళ్లలో మునిగి చస్తుంది.

సీసాను గూటిలో కట్టరాదు. కడితే ఊళ్లో ఈగలను పిలిచినట్లే! గూటికి పది పదిహేను గజాల దూరాన, వంటింటికి ఎడంగా, కోళ్లకు అందకుండా వ్రేలాడదీయండి. ఎరలో పురుగుమందు కలపవద్దు. చచ్చిన ఈగలను కోళ్లకు వేయక, గుంటలో పూడ్చండి.

సీసా రోజూ నిండుతున్నా ఈగలు తగ్గలేదా? అయితే పెంట తడిగా ఉందన్నమాట. ఈగ తడిపెంటలో ఒక్కో విడతకు సుమారు 100 గుడ్లు పెడుతుంది. వేడి రోజుల్లో 7 నుంచి 10 రోజులకే అవి ఈగలౌతాయి. సీసాలో పడేది ఎగిరే ఈగే కాని, పెంటలోని పురుగు కాదు. కనుక వారానికి రెండుసార్లు గూడు ఊడ్చి, పెంటను పలుచగా ఎండబెట్టండి. ఎండిన పెంట మీ పొలానికి మంచి ఎరువు. నీళ్లు ఒలికినచోట పొడి ఊక చల్లండి.

సీసా తోడు మాత్రమే. పొడిగా ఉన్న గూడే అసలు మందు.