జనాజాకు ముందే భుజం కలుపుదాం

 



తల్లిదండ్రుల సేవను గురించి మనం మింబర్ మీద నుండి ఎన్నోసార్లు విన్నాము. బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులలో అల్లాహ్ తన ఆరాధనను ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా వ్యవహరించమని ఆజ్ఞాపించాడు. వారు వృద్ధాప్యానికి చేరినప్పుడు విసుగుతో కూడిన చిన్న మాట కూడా పలుకరాదని హెచ్చరించాడు. ఇది మనకు తెలిసిన విషయమే. అయితే ఇంట్లో ఆ సేవ చేస్తున్నవారికి ఎవరు తోడుగా ఉన్నారు? ఈ ప్రశ్నను మనం అరుదుగా వేసుకుంటాము. నేటి ప్రసంగం దాని గురించే.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకుంటాను. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు వెళ్లే దారిలోని ఒక ఊరిలో, ఎప్పుడూ మొదటి సఫ్‌లో నిలబడే ఒక పెద్దాయన కొన్ని వారాలుగా మస్జిదుకు రాలేదు. విచారిస్తే పక్షవాతంతో మంచాన పడ్డారని తెలిసింది. వెళ్లి పరామర్శించాను. ఇల్లు శుభ్రంగా ఉంది, ఆయన దుస్తులు శుభ్రంగా ఉన్నాయి. మరుసటి శుక్రవారం నేను బయానులో ఆయన కుమారుణ్ణి మెచ్చుకున్నాను. ఆ సాయంత్రం ఆ ఇంటి కోడలు తన బిడ్డతో కబురు పంపింది: "హజ్రత్, మా మామగారికి ఒళ్లు తుడిచేది, ప్రక్క మార్చేది, రాత్రి మూడుసార్లు లేచేది నేను. మా ఆయన పొద్దున పనికి పోతే రాత్రికి వస్తారు. పుట్టింటికి పోయి రెండేళ్లయింది. నా కోసం కూడా దుఆ చేయండి."

నేను సిగ్గుపడ్డాను. సేవ చేస్తున్న మనిషి నా కంటికే కనిపించలేదు. అంత పెద్ద జమాఅత్‌లో ఒక్కరమైనా ఆ ఇంట్లో ఒక గంట కూర్చుని ఆమెకు విశ్రాంతి కల్పించలేదు.

సోదరులారా! ఇక్కడ షరీఅత్ ఆదేశాన్ని స్పష్టంగా తెలుసుకోవాలి. తల్లిదండ్రుల పోషణ, సేవ సంతానం మీది బాధ్యత. అందుకే ఎవరూ తమ జకాత్‌ను తమ తల్లిదండ్రులకు ఇవ్వరాదు. వారికి పెట్టవలసినది దానం కాదు, తీర్చవలసిన బాధ్యత. అత్తమామల సేవ కోడలి మీద విధి కాదు. ఆమె చేస్తే అది ఆమె చేసే మేలు, దానికి అల్లాహ్ వద్ద గొప్ప ప్రతిఫలం ఉంది. కనుక దాన్ని హక్కుగా వసూలు చేయకుండా కృతజ్ఞతతో స్వీకరించాలి. కుమారులు, కుమార్తెలు తమ వంతు తాము మోయాలి.

సేవ చేసేవారి స్థానం ఎంత గొప్పదో చూడండి. హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధానికి ముస్లింలు బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) వెళ్లలేదు. వారి సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) వ్యాధిగ్రస్తురాలై ఉన్నారు. ఆమె సేవలో ఉండమని దైవప్రవక్తే (స) వారిని మదీనాలో ఉంచారు. తరువాత బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానంగా ఉస్మాన్ (రజి)కు వాటా ఇచ్చారు. రోగి మంచం పక్కన కూర్చున్న వ్యక్తిని రణరంగంలో నిలిచినవారితో సమానంగా లెక్కించారన్నమాట.

మరో సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. బద్ర్ సహాబీలలో లెక్కింపబడే హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) జబ్బుపడ్డారని ఒక శుక్రవారం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు కబురు అందింది. జుమా సమయం సమీపిస్తున్నా వారు స్వారీ చేసుకుంటూ ఆయన వద్దకు వెళ్లారు, జుమాకు రాలేకపోయారు. విడిచిపెడితే రోగికి హాని కలుగుతుందనుకున్నప్పుడు అతణ్ణి కనిపెట్టుకుని ఉన్నవారికి జుమా నుండి మినహాయింపు ఉందని మన ఫుఖహా చెప్పారు. ఈరోజు ఇక్కడ లేని సోదరులలో కొందరు అలాంటివారు కావచ్చు. వారిని నిందించకండి. నమాజు ముగిశాక వారి ఇంటి తలుపు తట్టండి.

జనాజా నమాజు ఫర్జె కిఫాయా అని మనందరికీ తెలుసు. కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరూ దోషులవుతారు. దిక్కులేనివారిని, అవసరంలో ఉన్నవారిని ఆదుకోవడం కూడా ఈ కోవలోనిదేనని ఉలమా వివరించారు. మరణించినవారి జనాజాకు మనం పోటీపడి భుజం ఇస్తాము. అదే మనిషి బ్రతికి ఉండగా ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి ఒక స్త్రీ ఒంటరిగా నడుము విరుచుకుంటుంది. మనం ఆలోచించవలసిన విషయం ఇది.

కొన్ని కుటుంబాలు ప్రభుత్వ సహాయం అడగడానికి సిగ్గుపడతాయి. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తమ 'కితాబుల్ ఖరాజ్'లో ఒక సంఘటన ఉల్లేఖించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక అంధ యూదు వృద్ధుడు యాచించడం చూసి, చేయి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్లి కొంత ఇచ్చారు. ఆపై అలాంటివారికి బైతుల్ మాల్ నుండి ఇవ్వమని, జిజియా నుండి మినహాయించమని ఆదేశించారు. ప్రభుత్వ ఖజానాలో వృద్ధులకు హక్కు ఉందని దీనివల్ల తెలుస్తుంది. మనకు అందుబాటులో ఉన్నవాటిని తెలుసుకోండి:

మొదటిది పింఛను. మన రాష్ట్రంలో 2024 జూలై నుండి అర్హులైన వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి అర్హతను బట్టి 15,000 రూపాయలు ఇస్తున్నారు. మంచాన పడ్డ ఎందరో ఇంకా మామూలు వృద్ధాప్య పింఛనే తీసుకుంటూ ఉండవచ్చు. వైద్య ధ్రువపత్రం గురించి మీ సచివాలయంలో అడగండి.

రెండవది వైద్యం. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స కల్పించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. దీనికి ఆధార్ కార్డు కావాలి. అందులో వయస్సు తప్పుగా ఉంటే జబ్బు రాకముందే సరిచేయించుకోండి.

మూడవది ఫోను సహాయం. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత నంబరు ఉంది. సేవ చేసి చేసి మనసు అలసిపోయినవారికి టెలిమానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పలుకుతుంది. అలసట ఈమాన్ లోపం కాదు, దాచుకోకండి.

నాలుగవది చట్టం. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. సంతానం పట్టించుకోకపోతే ఆర్డీఓ స్థాయి అధికారి ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు వకీలు లేకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. తానుగా వెళ్లలేనివారి తరఫున వేరొకరు కూడా చేయవచ్చు. ఇల్లు, పొలం పిల్లలకు హిబా చేసే పెద్దలు తమను చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవాలి. అప్పుడు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని కోరడానికి 23వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అయితే ముందు మస్జిదు పెద్దలు కూర్చోబెట్టి సులహ్‌కు ప్రయత్నించడం మంచిది.

ఇవన్నీ ఉన్నా, రాత్రి రెండు గంటలకు ప్రక్క మార్చడానికి ఏ కార్యాలయమూ రాదు. ఆ లోటు పొరుగువారే తీర్చాలి. ఇది జరగని పని కాదు. కేరళలోని కోజికోడ్ వైద్య కళాశాలలో 1993లో ఒక ఉపశమన సేవా సంఘం మొదలైంది. తరువాత మలప్పురం వంటి జిల్లాలలో సామాన్యులు శిక్షణ పొంది, నర్సులతో కలిసి మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లసాగారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తన విధానంగా స్వీకరించింది. మలప్పురంలో ముస్లింలే అధికులు. వారు చేయగలిగినది నంద్యాల, ఆళ్లగడ్డ జమాఅత్‌లు చేయలేవా?

మన మస్జిదు పరిధిలో ఈ వారమే మొదలుపెడదాం. మంచాన పడ్డవారి పేర్లు, వారికి సేవ చేస్తున్నవారి పేర్లు ఒక పుస్తకంలో రాద్దాం. ఆ వివరాలు గోప్యంగా ఉంచుదాం. మగ రోగుల వద్దకు ఇద్దరు సోదరులు, స్త్రీల వద్దకు ఇద్దరు సోదరీమణులు వారానికి రెండు గంటలు వెళ్లి కూర్చోవాలి. ఆ రెండు గంటలు ఆ ఇంటి మనిషి నిద్రపోవచ్చు, బజారుకు పోవచ్చు, ప్రశాంతంగా నమాజు చేసుకోవచ్చు. పుండ్లు పడకుండా రోగిని సుమారు రెండు గంటలకొకసారి ఎలా ప్రక్క మార్చాలో ఒక నర్సును పిలిచి నేర్చుకుందాం. వాకర్, చక్రాల కుర్చీ, నీటి పరుపు వంటివి ఒక ఇంట్లో అవసరం తీరాక మరో ఇంటికి అందేలా మస్జిదులో భద్రపరుద్దాం. చదువుకున్న యువకులు నెలకొకసారి పెద్దల దరఖాస్తులు నింపిపెట్టాలి.

మీ ఇంట్లో సేవ చేస్తున్న భార్య, చెల్లెలు, వదిన ఎవరైనా సరే, ఈరోజు ఇంటికి వెళ్లగానే ముందు ఆమెకు కృతజ్ఞత చెప్పండి. ఆ తరువాత ఆమె చేతిలోని పనిని మీ చేతిలోకి తీసుకోండి.

ఓ అల్లాహ్! మా పెద్దలకు స్వస్థతను, గౌరవాన్ని ప్రసాదించు. వారి సేవలో అలసిన చేతులకు బలాన్ని, గొప్ప ప్రతిఫలాన్ని ప్రసాదించు. వారి భారాన్ని పంచుకునే సద్బుద్ధిని మాకు ప్రసాదించు. ఆమీన్.