రాత్రి బస్సు ప్రయాణం.. ఒకరికొకరు కాపలా

చీకటి పడ్డాక బస్సెక్కితే తెల్లవారేసరికి మరో ఊరు. ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. పగలంతా తిరగడానికి వీలు చిక్కుతుంది. భుజాన సంచి తగిలించుకొని, మిత్రుణ్ని తోడు తీసుకొని ఊళ్లు చూడబోయే యువత రాత్రి బస్సులను ఎంచుకోవడానికి కారణమిదే. అయితే తోడున్నారన్న ధీమాతో ఇద్దరూ ఒకేసారి ఆదమరిస్తే ఆ తోడు వల్ల ప్రయోజనం శూన్యం. కాస్త ముందుచూపు ఉంటే ఈ ప్రయాణం సుఖంగా, సురక్షితంగా సాగుతుంది.

రెండు ఘోరాలు.. ఒకే పాఠం

హైదరాబాద్‌-బెంగళూరు మధ్య దూరం సుమారు 570 కిలోమీటర్లు. జడ్చర్ల, కర్నూలు, అనంతపురం మీదుగా సాగే ఈ మార్గం రెండు పెను విషాదాలను చూసింది. 2013 అక్టోబరు 30న నాటి మహబూబ్‌నగర్‌ జిల్లా పాలెం వద్ద హైదరాబాద్‌ వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకోగా 45 మంది దుర్మరణం పాలయ్యారు. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద బెంగళూరు వెళ్తున్న స్లీపర్‌ బస్సు కింద ద్విచక్ర వాహనం ఇరుక్కుపోయి నిప్పంటుకుంది. బస్సులోని 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. రెండూ తెల్లవారుజామున, ప్రయాణికులు గాఢ నిద్రలో ఉన్న వేళ జరిగినవే. చిన్నటేకూరులో కొందరు అద్దాలు పగలగొట్టుకొని బయటపడగలిగారు. బయటపడే దారి ముందే తెలిసి ఉండటం ఎంత అవసరమో ఈ ఘటనలు చాటుతున్నాయి.

ఎక్కగానే అయిదు నిమిషాలు

సీటులో కూర్చోగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఏ కిటికీ పక్కన ఉందో ఇద్దరూ చూసుకోవాలి. సుత్తితో అద్దం మధ్యలో కాకుండా మూలల్లో కొడితే తేలిగ్గా పగులుతుంది. తమ బెర్తు నుంచి ఆ ద్వారానికి మధ్య ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టుకుంటే పొగలో కళ్లు కనపడకున్నా తడుముకుంటూ చేరవచ్చు. పొగ పైకి లేస్తుంది కనుక వంగి నడవాలి. సామాను కోసం వెనక్కి మళ్లరాదు. నడిచే దారిలో సంచులు పెట్టడం అందరికీ ముప్పే. దూర ప్రయాణమైతే రెండో డ్రైవరు ఉన్నదీ లేనిదీ టికెట్‌ కొనే ముందే అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

డబ్బు ఒకచోట వద్దు

పెద్ద సంచి డిక్కీలో వేసినా నగదు, గుర్తింపు కార్డు, మందులు, సెల్‌ఫోను ఒంటి మీదే ఉండాలి. ఉన్న నగదును ఇద్దరూ చెరి సగం పంచుకుంటే ఒకరిది పోయినా రెండోవారిది ఆదుకుంటుంది. దాబా వద్ద బస్సు ఆగినప్పుడు ఒకరు దిగితే మరొకరు సామాను వద్ద ఉండాలి. ఒకే రంగు బస్సులు వరుసగా ఆగి ఉంటాయి కనుక దిగే ముందే రిజిస్ట్రేషన్‌ నంబరు రాసుకోవాలి. అర్ధరాత్రి దాటాక వంతులవారీగా నిద్రపోవడం మేలు.

కాళ్లకు కదలిక అవసరం

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఆరోగ్యవంతుల్లో ఈ ముప్పు స్వల్పమే అయినా బస్సు ఆగిన చోటల్లా దిగి నాలుగడుగులు వేయాలి. కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించాలి. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానరాదు. కుదుపులకు వాంతులయ్యేవారు వెనుక చక్రాలపై ఉన్న సీట్లను, పై బెర్తులను వదిలి మధ్య వరుసలో కింది సీటు తీసుకోవాలి.

వరుసగా రెండు రాత్రులు వద్దు

బస్సులో పట్టేది కలత నిద్రే. వరుసగా రెండు రాత్రులు ప్రయాణిస్తే మిగిలిన గది అద్దె కంటే ఒంటికి కలిగే అలసటే ఎక్కువ. ఒక రాత్రి బస్సులో గడిపితే మరుసటి రాత్రి మంచం మీద పడుకొనేలా ప్రణాళిక వేసుకోవాలి. కొత్త ఊరిలో తెల్లవారకముందే దిగితే వెలుతురు వచ్చే వరకు బస్టాండులోనే వేచి ఉండటం క్షేమం. బయలుదేరే ముందు బస్సు నంబరు ఇంట్లో చెప్పాలి. ఆపదలో 112కు, జాతీయ రహదారిపై సాయానికి 1033కు, అంబులెన్సుకు 108కి ఫోన్‌ చేయవచ్చు. ఈ నంబర్లు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.