ఫార్మాట్ చేయమంటారా?... వద్దు బాబూ, వద్దు!

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే బీరువా అడుగున, పాత పట్టుచీరల కింద కెమెరా దొరికింది. అరచేతిలో ఇమిడే వెండిరంగు డిజిటల్ కెమెరా. సెల్‌ఫోన్లు వచ్చాక దాని మొహం చూసినవాళ్లే లేరు.

“మీ తాతయ్య ఫొటోలు ఇందులోనే ఉండాల్రా. ఆయన పోయేముందు వేసవిలో మీ అత్త తీసింది” అంది నాయనమ్మ.

అంతే! దులపడం ఆగిపోయింది. మనవడు కెమెరాలోంచి మెమరీ కార్డు తీశాడు. రీడర్లో పెట్టి కంప్యూటర్‌కి తగిలించాడు. ఇంటిల్లిపాదీ వెనక నిలబడ్డారు. టింగుమంటూ తెరమీద ఓ ప్రశ్న ప్రత్యక్షమైంది. ‘ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?’ కింద రెండు బటన్లు. ఒకటి ఫార్మాట్. రెండోది క్యాన్సిల్.

చాలా ఇళ్లలో కొంప మునిగేది సరిగ్గా ఇక్కడే. కంప్యూటర్ అంతటిది అడిగింది కదా, చేస్తేగానీ తెరుచుకోదేమో అనుకుని మొదటి బటన్ నొక్కేస్తారు. నిజానికి ఆ ప్రశ్నకు అర్థం కార్డు ఖాళీగా ఉందని కాదు. ‘ఇందులో ఏముందో చదవడం నాకు చేతకావట్లేదు’ అని, అంతే. చేతకాకపోవడానికి కారణం కార్డే కానక్కర్లేదు. రీడర్ కావచ్చు, వైరు కావచ్చు, కంప్యూటరే కావచ్చు. కాబట్టి ఎవరు ఎంత తొందరపెట్టినా నొక్కాల్సింది రెండో బటనే.

చిరిగింది విషయసూచికే!

మెమరీ కార్డును ఓ లావుపాటి పుస్తకం అనుకుందాం. మొదటి పేజీల్లో విషయసూచిక ఉంటుంది. ఏ ఫొటో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ ముందుగా చదివేది దాన్నే. కెమెరా ఫొటోను రాస్తుండగా బ్యాటరీ అయిపోయినా, ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుండగానే కార్డును లాగేసినా ఆ సూచిక చెడిపోతుంది. లోపలి పేజీలు మాత్రం చాలాసార్లు చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి.

ఫొటోను డిలీట్ చేసినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. చాలా కార్డుల్లో ఫొటో చెరిగిపోదు. సూచికలో దాని పేరు మొదటి అక్షరం స్థానంలో ఓ గుర్తు పడుతుంది. ‘ఈ చోటు ఖాళీ, కావాలంటే వాడుకోవచ్చు’ అని దానర్థం. కొత్త ఫొటో వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసినా అంతే, కొత్త సూచిక మాత్రమే తయారవుతుంది. అయితే విండోస్ విస్టా నుంచీ క్విక్ అన్న చోట టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ కార్డంతా సున్నాలు రాసేస్తుంది. ఆ తర్వాత చేయగలిగిందేమీ లేదు.

రీడర్ మీద అనుమానం

తెలిసినవాళ్లు ముందుగా చేసే పని, కార్డును మళ్లీ అదే కెమెరాలో పెట్టి చూడటం. ఫొటోలు కెమెరా తెరమీద కనిపించాయంటే సగం గండం గట్టెక్కినట్టే. కార్డు బాగుంది, దోషం దారిలో ఉంది. కెమెరాలో కూడా కనిపించకపోతే అప్పుడు కార్డును అనుమానించాలి. రెండు నిమిషాల పని. కానీ ఈ రెండు నిమిషాలు ఓపిక పట్టక సాఫ్ట్‌వేర్లు డౌన్‌లోడ్ చేసి, కంప్యూటర్ విప్పి, చివరికి పక్కింటి కుర్రాణ్ని పిలిచేవాళ్లే ఎక్కువ.

దారిలో దోషమంటే మొదటి ముద్దాయి రీడరే. ఎస్డీ కార్డులన్నీ పైకి ఒక్కలాగే ఉంటాయి. 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. లోపలి లెక్కలు వేరు. ఉత్త ఎస్డీ అని ఉంటే 2 జీబీ వరకు. 2006లో వచ్చిన ఎస్డీహెచ్‌సీ 32 జీబీ దాకా. 2009లో ప్రకటించిన ఎస్డీఎక్స్‌సీ అంతకు మించి 2 టీబీ దాకా. కొత్త రీడర్ పాత కార్డును చక్కగా చదువుతుంది. పాత రీడర్‌కి కొత్త కార్డు అంతుపట్టదు. కార్డు సందులోకి సాఫీగా దూరుతుంది కాబట్టి తేడా ఉందని ఎవరికీ తట్టదు. రీడర్ బాగున్నా ఒక్కోసారి కంప్యూటర్ మొరాయిస్తుంది. ఎస్డీఎక్స్‌సీ కార్డుల్లో సూచిక రాసే పద్ధతి పేరు ఎక్స్‌ఫ్యాట్. ప్రత్యేకంగా అప్‌డేట్ వేయని విండోస్ ఎక్స్‌పీకి ఆ పద్ధతి తెలీదు. అది కూడా ‘ఫార్మాట్ చేయమంటారా’ అనే అడుగుతుంది!

రెండో ముద్దాయి యూఎస్‌బీ సాకెట్. అసెంబుల్డ్ కంప్యూటర్లలో ముందువైపు సాకెట్లు లోపల సన్నటి వైర్లతో కలిపి ఉంటాయి. అవి వదులైతే రీడర్ ఒక క్షణం కనిపించి, మరుక్షణం మాయమవుతుంది. వెనకవైపు సాకెట్లు నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. కాస్త వంగి అక్కడ పెట్టిచూస్తే చాలామంది సమస్య తీరిపోతుంది. మైక్రో కార్డును అడాప్టర్లో పెట్టి వాడుతుంటే అడాప్టర్ మార్చి చూడాలి. కార్డు మీది బంగారురంగు గీతలకు దుమ్మో చెమటో పట్టి ఉంటే మెత్తటి పొడిబట్టతో తుడవాలి. నోటితో ఊదితే పోయే దుమ్ముకన్నా పడే తుంపరలే ఎక్కువ.

రీడర్ లేకపోయినా కెమెరా ఉంటే చాలు. దాని వైరుతో నేరుగా కంప్యూటర్‌కి కలపొచ్చు. సోనీ మెమరీ స్టిక్, ఒలింపస్, ఫ్యూజీ వాళ్ల ఎక్స్‌డీ కార్డు వాడే పాత కెమెరాలకైతే ఇదే సుఖమైన మార్గం. వాటిని చదివే రీడర్ కోసం బజారంతా తిరగక్కర్లేదు. బ్యాటరీ నిండుగా ఉండాలి. చాలా కెమెరాలను ఆన్ చేసి, ఫొటోలు చూసే ప్లే మోడ్‌లో పెట్టాలి. వైరు కూడా ఫొటోలు పంపే రకమై ఉండాలి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైర్లు ఇంటినిండా ఉంటాయి. ప్లగ్గు సరిపోయినా వాటిలో సమాచారం మోసే తీగలే ఉండవు. పాత లిథియం బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం దాన్ని ఛార్జింగ్‌కి పెట్టొద్దు.

అసలు ఈ తలనొప్పి డిజిటల్ కెమెరాతో పాటే పుట్టింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా ఫొటోను దాచుకున్నది క్యాసెట్ టేపులో. పాయింట్ సున్నా ఒక మెగాపిక్సెల్ బొమ్మ. అది టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. దాన్ని చూడాలంటే టీవీ తగిలించిన ఇంకో యంత్రం కావాలి!

తెరుచుకుంది... ఫొటోల్లేవు!

కార్డు తెరుచుకుంటుంది. లోపల ఏమీ కనిపించదు. గుండె గుభేలుమంటుంది. ముందు డీసీఐఎం అనే ఫోల్డర్ కోసం వెతకాలి. ఏ కంపెనీ కెమెరా అయినా ఫొటోలు దాచేది అందులోనే. అది ఖాళీగా ఉంటే కార్డు గుర్తుమీద కుడివైపు మీట నొక్కి ప్రాపర్టీస్ చూడాలి. ఫోల్డర్లో ఒక్క ఫొటో లేదు, కానీ ఒక జీబీ వాడినట్టు చూపిస్తోందా? అయితే ఫొటోలు ఉన్నాయి, దాక్కున్నాయి. ప్రింట్ల కోసం స్టూడియోలు, నెట్‌సెంటర్లు తిరిగొచ్చిన కార్డులకు ఒకప్పుడు తరచూ అంటుకున్న జబ్బు ఇది. ఒక రకం వైరస్ ఫోల్డర్లను దాచేసి, వాటి పేరుతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. ఆ షార్ట్‌కట్ నొక్కితే వైరస్ కంప్యూటర్లోకి దూరుతుంది. నొక్కకుండా ముందు యాంటీవైరస్‌తో కార్డును వడపోయాలి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్లలో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టాలి. సిస్టమ్ ఫైళ్లను దాచమనే చోట టిక్ కూడా తీసేయాలి. పెళ్లి ఫొటోలన్నీ లేతరంగులో మెల్లగా బయటికొస్తాయి.

కార్డు పక్కనున్న చిన్న లాక్ గురించి కూడా ఒక మాట. అది కిందికి జారి ఉంటే ఫొటోలు కాపీ కావని చాలామంది అపోహ. కాపీ బ్రహ్మాండంగా అవుతుంది. కార్డు మీద రాయడం, చెరపడమే కుదరదు. కాబట్టి ముఖ్యమైన కార్డును కంప్యూటర్లో పెట్టేముందు కావాలనే లాక్ చేయడం మంచిది. పొరపాటున ఫార్మాట్ నొక్కినా మామూలుగా పని జరగదు.

‘కట్’ చేస్తే గోవిందా

కార్డులోంచి ఫొటోల్ని ‘కట్’ చేసి కంప్యూటర్లో ‘పేస్ట్’ చేసే అలవాటు మహా ప్రమాదం. మధ్యలో కరెంటు పోయినా, రీడర్ కదిలినా కొన్ని ఇక్కడా ఉండవు, అక్కడా ఉండవు. కాపీయే చేయాలి. అయ్యాక రెండుచోట్లా ఫొటోల సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయో లేదో చూడాలి. కొన్నింటిని పెద్దవిగా తెరిచి చూడాలి. చిన్నబొమ్మల్ని చూసి మోసపోకూడదు. కెమెరా ప్రతి ఫొటోలోనూ ఒక బుల్లిబొమ్మను విడిగా దాస్తుంది. అసలు ఫొటో సగం పాడైనా ఆ బుల్లిబొమ్మ నవనవలాడుతూ కనిపించొచ్చు. తెరిస్తే పైన పిల్లాడి నుదురు, కింద బూడిదరంగు పట్టీ! అలాంటప్పుడు కార్డులో అసలుది ఇంకా ఉంటే వేరే రీడర్‌తో మళ్లీ కాపీ చేసుకోవచ్చు. అప్పటికే చెరిపేసి ఉంటే ఇక చేసేదేముంది?

నిజంగానే పోయినప్పుడు

చెరిగిపోయాయి, లేదా ఎవరో ఫార్మాట్ చేసేశారు. అప్పుడైనా ఒకటే సూత్రం: ఆ కార్డుతో మరో ఫొటో తీయకూడదు. తీసిన ప్రతి ఫొటో పాతదాని నెత్తిన కూర్చోవచ్చు. కార్డును లాక్ చేసి పక్కన పెట్టేయాలి. తర్వాత ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ఆశ్రయించొచ్చు. ఇది విషయసూచిక జోలికే పోదు. జేపెగ్ ఫొటోలన్నీ ఒకే రకం బైట్లతో మొదలవుతాయి. ఆ ఆనవాలు పట్టుకుని కార్డంతా గాలించి ఫొటోల్ని ఏరుకొస్తుంది. పేర్లు మాత్రం పోతాయి. ఏది ఏ పండగదో కూర్చుని గుర్తుపట్టాల్సిందే. ఏరిన ఫొటోల్ని అదే కార్డులో దాచొద్దు. కంప్యూటర్లోనో, ఇంకో డ్రైవులోనో పెట్టాలి. కార్డు విరిగినా, ఏ రీడర్‌కీ అసలు తెలియకుండా పోయినా సాఫ్ట్‌వేర్లు పనికిరావు. డేటా రికవరీ ల్యాబులకు వెళ్లాలి. ఖర్చు గట్టిగానే ఉంటుంది.

సగం ధరకే వచ్చిన పెద్ద కార్డుల కథ వేరు. లోపల ఉన్నది 8 జీబీ, చూపించేది 128 జీబీ. నిండేదాకా బాగానే ఉంటుంది. తర్వాత తీసినవి ఎక్కడికీ చేరవు. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు, ఎందుకంటే అవి అసలు కార్డులోకి ఎక్కలేదు. కొత్త కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిండా రాసి, చదివి చూసుకుంటే బండారం బయటపడుతుంది. యాత్రకు వెళ్లొచ్చాక చూసుకుంటే లాభంలేదు.

బీరువాలో ఉంటే భద్రమేనా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. కార్డులో ఫొటోలు సూక్ష్మమైన విద్యుదావేశం రూపంలో ఉంటాయి. వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది. పాత కెమెరా దొరికిన రోజే కాపీ చేసుకోవడం మేలు, వచ్చే పండక్కి చూద్దాంలే అనుకోకుండా.

ఇంతకీ ఆ ఇంట్లో ఏమైంది? మనవడు క్యాన్సిల్ నొక్కాడు. కార్డును మళ్లీ కెమెరాలో పెట్టాడు. రెండు పెన్సిల్ బ్యాటరీలు తెప్పించారు. తెర వెలిగింది. ఫొటోలు వరసగా వచ్చాయి. వదులుగా ఉన్నది ముందువైపు సాకెట్! వెనకవైపు వైరు తగిలించి అన్నీ కాపీ చేశాడు. అత్త పెళ్లి, అన్నవరం వ్రతం, చిన్నోడి అన్నప్రాశన... అన్నీ ఉన్నాయి. తాతయ్యే లేడు. నాయనమ్మ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అత్తకి, ఫోన్లో. “కార్డు తర్వాత కొన్నాం కదరా. కెమెరా కొత్తలో కార్డెక్కడుంది?”

నిజమే! అప్పటి చాలా కెమెరాల్లో లోపల కొద్దిపాటి మెమరీ ఉండేది. పట్టేవి పదో పదిహేనో ఫొటోలు. కార్డు పెట్టి ఉన్నంతసేపూ చాలా మోడళ్లలో అవి కనిపించవు. మనవడు కార్డు బయటికి తీసి, కెమెరా మళ్లీ ఆన్ చేశాడు.

పదకొండు ఫొటోలు. మొదటి మూడూ మసక. నాలుగోదాంట్లో అరుగు మీద పడక్కుర్చీ. అందులో బనియన్‌తో తాతయ్య, ఒళ్లో పేపరు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ‘ఏంటే అది?’ అన్నట్టు కెమెరా వైపు చూస్తూ.

“ఒసేయ్ పెద్దకోడలా, మీ అత్తయ్యని పిలువు” అంది వెనకనుంచి చిన్నమ్మమ్మ.