ప్లస్ ఐదు కాంటూరు: పోటీ పరీక్షల అభ్యర్థులకు కొల్లేరు పాఠం

గ్రూప్స్ మొదలుకొని అటవీశాఖ ఉద్యోగాల వరకు ఏ పోటీ పరీక్షలో చూసినా పర్యావరణం, జీవవైవిధ్యం అంశాల నుంచి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. రామ్‌సర్ ఒప్పందం ఎప్పుడు కుదిరింది, అభయారణ్యాన్ని ఏ సెక్షన్ కింద ప్రకటిస్తారు, బీవోడీ పెరిగితే ఏమవుతుంది వంటి వాటిని అభ్యర్థులు బిట్ల రూపంలో బట్టీపడుతున్నారు. అయితే ప్రశ్న కొద్దిగా మెలిక తిరిగితే చాలామంది తడబడుతున్నారు. ఈ అంశాలలో అధికభాగం కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఒకే సరస్సులో కనిపిస్తాయి. కొల్లేరును క్షుణ్ణంగా అర్థం చేసుకున్న వారికి చిత్తడి నేలల పాఠం దాదాపుగా వచ్చినట్లే.

ముందుగా ఒక పొరపాటును సరిదిద్దుకోవాలి. కొల్లేరు ఆసియాలోనే అతిపెద్ద మంచినీటి సరస్సు అని కొన్ని గైడ్లలో నేటికీ కనిపిస్తోంది. రష్యాలోని బైకాల్ కూడా ఆసియాలోనే ఉన్న సంగతిని ఆ గైడ్లు మరచినట్లున్నాయి. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో కొల్లేరు ఒకటి అని రాయడమే సరైనది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనకు పూర్వం ఈ సరస్సు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల నడుమ ఉండేది. పునర్విభజనతో ఏలూరు జిల్లా పరిధిలోకి వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగుల నీరు ఇందులోకి చేరుతుంది. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే.

కాంటూరు అంటే...

కొల్లేరు గురించిన ఏ వార్తలోనైనా కాంటూరు అనే మాట తప్పదు. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలుపుతూ గీసిన రేఖయే కాంటూరు. ప్లస్ ఐదు కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున సాగే రేఖ. కొల్లేరు లోతైన గుంట కాదు, పళ్లెం వంటిది. అందువలన నీటిమట్టం ఒక్క అడుగు పెరిగినా నీరు చాలా దూరం పరుచుకుంటుంది. ప్లస్ మూడు కాంటూరు వరకు సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు కాగా, ప్లస్ ఐదు వరకు సుమారు 308, ప్లస్ పది వరకు సుమారు 901 చదరపు కిలోమీటర్లు. ఐదు అడుగుల తేడాతో విస్తీర్ణం దాదాపు మూడింతలు అవుతోంది. కొల్లేటిలో ఒక్కొక్క అడుగు కోసం దశాబ్దాలుగా వివాదం నడవడానికి మూలం ఈ లెక్కలోనే ఉంది.

రెండు హోదాలు, రెండు విస్తీర్ణాలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 26ఎ సెక్షన్ కింద 1999 అక్టోబరులో ప్లస్ ఐదు కాంటూరు వరకు కొల్లేరును రాష్ట్ర ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. నీళ్లు తప్ప చెట్లు కనిపించని చోటుకు అరణ్యమనే పేరేమిటని లంక గ్రామాల వారు ఆశ్చర్యపోయినా ఆశ్చర్యం లేదు. వన్యప్రాణులకు, పక్షులకు రక్షణ కల్పించిన ప్రదేశమనే ఇక్కడ చట్టం ఉద్దేశం. అదే చట్టంలోని 18వ సెక్షన్ అభయారణ్యంగా చేయాలన్న సంకల్పాన్ని తెలియజేసేది. తుది ప్రకటన 26ఎ కింద వెలువడుతుంది. ఈ రెండింటినీ తారుమారు చేసి అడగడం ప్రశ్నపత్రాలు రూపొందించే వారికి పరిపాటి. 2022 సవరణతో ఈ చట్టంలోని షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక 2002 ఆగస్టులో కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు లభించింది. ఇరాన్‌లో కాస్పియన్ తీరాన ఉన్న రామ్‌సర్ పట్టణంలో 1971 ఫిబ్రవరి 2న ఈ ఒప్పందం కుదిరింది. ఏటా ఆ రోజున ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం జరుగుతుంది. ఒప్పందం 1975లో అమల్లోకి రాగా, భారత్ 1982లో చేరింది. కొల్లేరులో రామ్‌సర్ ప్రదేశంగా నమోదైన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం మాత్రం 308. రామ్‌సర్ గుర్తింపు అంతర్జాతీయ గౌరవం, దేశం ఇచ్చిన హామీ. ఆక్రమణదారుపై కేసు పెట్టాలంటే మాత్రం దేశంలోని చట్టమే ఆధారం. కాబట్టి ఐదు, పది కాంటూర్ల మధ్య ఉన్న భూమి రామ్‌సర్ పటంలో ఉన్నా, అభయారణ్యం నిబంధనల పరిధిలోకి రాదు.

దేశంలో రామ్‌సర్ ప్రదేశాల సంఖ్య ఏటా మారుతోంది. 2024 ఆగస్టు నాటికి అది 85. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నది కొల్లేరు ఒక్కటే, తెలంగాణ నుంచి ఒక్కటీ లేదు. ఫ్లెమింగోలకు పేరొందిన పులికాట్ అందులో ఉంటుందని చాలామంది భావిస్తారు గాని, లేదు. ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ ప్రదేశాలను చేర్చే మాంట్రూ రికార్డులో ఒడిశాలోని చిలికా 1993లో చేరి 2002లో బయటపడింది. రాజస్థాన్‌లోని కేవలాదేవ్, మణిపూర్‌లోని లోక్‌తక్ కూడా ఆ రికార్డుకెక్కినవే.

చెరువులు వచ్చిన తీరు

కొల్లేటి లంకల వారికి అనాదిగా చేపల వేటే జీవనం. కొరమీను వంటి నాటు చేపలకు సరస్సు పెట్టింది పేరు. 1970వ దశకం రెండో భాగంలో మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సు గర్భంలోనే చేపల చెరువులు తవ్వుకునేందుకు ప్రభుత్వమే ప్రోత్సాహమిచ్చింది. పేదల ఉపాధి కోసం మొదలైన ఈ ఏర్పాటు కాలక్రమంలో లీజుల రూపంలో పెట్టుబడిదారుల చేతుల్లోకి మళ్లింది. బొచ్చె, శీలావతి పెంపకం లాభసాటి కావడంతో గట్ల మీద గట్లు లేచాయి. సరస్సులో నీరు స్వేచ్ఛగా పారే దారులు మూసుకుపోయాయి. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్లస్ ఐదు కాంటూరు లోపలి చెరువుల గట్లను యంత్రాలతోనూ, పేలుడు పదార్థాలతోనూ ధ్వంసం చేశారు. కొన్నేళ్లకే పలుచోట్ల గట్లు మళ్లీ వెలిశాయి.

గ్రామస్థుల వాదన కూడా తోసిపుచ్చదగినది కాదు. అభయారణ్యం పరిధిలో జిరాయితీ భూములు ఉన్నాయి, ప్రభుత్వమే ఇచ్చిన డి-ఫారం పట్టాలూ ఉన్నాయి. తమ పేరిట పట్టా ఉన్న భూమిలో తమకే హక్కు లేకపోవడం ఏమిటన్నది వారి ప్రశ్న. ఈ ఒత్తిడి మేరకే అభయారణ్యాన్ని ప్లస్ మూడు కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఇక్కడే అభ్యర్థులు గమనించవలసిన అంశముంది. 26ఎ సెక్షన్ ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే అభయారణ్యం సరిహద్దులను రాష్ట్ర ప్రభుత్వం మార్చడానికి వీలులేదు. శాసనసభ తీర్మానంతో అడుగు తగ్గకపోవడానికి కారణమిదే. ఆ తర్వాత కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ నియమించిన పి.ఎ. అజీజ్ కమిటీ సైతం ప్లస్ ఐదునే కొనసాగించాలని సూచించింది.

చేపల చెరువు చిత్తడి నేలా?

ఈ ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. రామ్‌సర్ ఒప్పందం దృష్టిలో సహజమైనదైనా, మనుషులు తవ్వినదైనా చిత్తడి నేలయే. చేపల చెరువులకు కూడా ఆ వర్గీకరణలో చోటుంది. మన దేశంలో 2010 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన చిత్తడి నేలల నిబంధనలు, 2017 మాత్రం వరి పొలాలను, నదీ ప్రవాహ మార్గాలను, తాగునీరు, సాగునీరు, ఉప్పు, చేపల పెంపకం కోసం ప్రత్యేకంగా నిర్మించిన వాటిని మినహాయించాయి. ప్రశ్నలో ఏ నిర్వచనం ప్రకారమని అడిగారో చూసి జవాబు గుర్తించాలి.

శాస్త్రం దృష్టిలో మరో తేడా ఉంది. చెరువులలో వేసే తవుడు, చెక్క, కోళ్ల ఎరువుల అవశేషాలు నీటితోపాటు సరస్సులోకి చేరుతాయి. వాటిలోని నత్రజని, భాస్వరం నీటిలో పోషకాలను మితిమీరి పెంచుతాయి. నాచు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క విపరీతంగా పెరిగి నీటిని కప్పేస్తాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకోవడంతో చేపలకు ఊపిరాడదు. ఈ పరిణామమే యూట్రోఫికేషన్. సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేయడానికి సూక్ష్మజీవులకు అవసరమయ్యే ఆక్సిజన్ పరిమాణమే బీవోడీ. కాబట్టి బీవోడీ ఎక్కువైతే కాలుష్యం ఎక్కువని అర్థం. కరిగిన ఆక్సిజన్ విషయంలో దీనికి విలోమం.

ఇనుప స్టాండ్లపై గూడబాతులు

పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ గుర్తించారు. కాలక్రమంలో ఆ స్థావరం అంతరించింది. ఈ పక్షులు సాధారణంగా చెట్లపై గూళ్లు కడతాయి. కొల్లేటిలో చెట్లు కరవైన చోట, కైకలూరు సమీపంలోని ఆటపాక పక్షుల కేంద్రంలో అటవీశాఖ ఇనుప స్టాండ్లు ఏర్పాటు చేయగా, వాటిపైనే గూళ్లు కట్టి పిల్లలను పొదుగుతున్నాయి. సందర్శకులకు అది వింతగానే తోస్తుంది. ఐయూసీఎన్ జాబితాలో ఈ గూడబాతు మునుపు వల్నరబుల్ వర్గంలో ఉండగా, పిదప నియర్ థ్రెటెన్డ్ వర్గానికి మారింది. అంటే ముప్పు కొంత తగ్గిందని; పెరిగిందని కొందరు పొరబడుతుంటారు. సహజ ఆవాసంలోనే సంరక్షించడం గనుక ఆటపాక ఇన్‌సిటు పద్ధతికి ఉదాహరణ. జంతు ప్రదర్శనశాలలో పెంచితే అది ఎక్స్‌సిటు.

వరద పాఠం

కొల్లేరు రెండు డెల్టాల నడుమ వరద నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా బంగాళాఖాతంలోకి వదిలే సహజ జలాశయం. పైనుంచి మంచినీరు తగ్గిన కాలంలో ఆటుపోట్లకు సముద్రపు నీరు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎగదన్ని సరస్సును ఉప్పుగా మారుస్తుంది. వానాకాలంలో దీనికి పూర్తిగా భిన్నమైన సమస్య. వచ్చే నీరు ఎక్కువ, పోయే దారి ఇరుకు. మధ్యలో నీరు నిలవవలసిన చోట చెరువుల గట్లు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. ఆ వాగు చివరకు చేరేది కొల్లేరుకే. నగరం నుంచి దిగిన నీటితో సరస్సు మట్టం పెరిగి, లంక గ్రామాల రహదారులపైకి నీరు చేరింది.